పైథాన్ మెయిల్: హెచ్‌టీఎంఎల్, ప్లెయిన్ టెక్స్ట్ రెండూ పెట్టాను, జీమెయిల్‌లో బిల్లు టేబుల్ రావడం లేదు

బోరునీళ్లు అడిగిన ప్రశ్న

మాది మియాపూర్‌లో 84 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. అసోసియేషన్ వాళ్లు నెలనెలా మెయింటెనెన్స్ బిల్లు జిరాక్స్ తీసి తలుపుల కింద తోసేవాళ్లు. మూడు నెలల కిందట ఆ పని నేను తీసుకున్నాను. ఎక్సెల్ షీట్ చదివి ఒక్కో ఫ్లాట్‌కి మెయిల్ పంపే పైథాన్ స్క్రిప్ట్ రాశాను. మెయిల్ తెలుగులోనే ఉంటుంది. జీతాలు, నీళ్ల ట్యాంకర్లు, కామన్ కరెంటు, డీజిల్, లిఫ్ట్ అని వరసలు పెట్టి, చివర మొత్తం వేసి హెచ్‌టీఎంఎల్ టేబుల్ చేశాను. దాంతోపాటు రసీదు పీడీఎఫ్ కూడా వెళ్తుంది.

ప్రస్తుతం మెయిల్ భాగాలు కట్టే మైమ్‌మల్టీపార్ట్ క్లాస్‌కి 'ఆల్టర్నేటివ్' అని ఇచ్చి, అందులో మొదట హెచ్‌టీఎంఎల్, తర్వాత ప్లెయిన్ టెక్స్ట్, ఆ తర్వాత పీడీఎఫ్ వరసగా అటాచ్ చేస్తున్నాను. జీమెయిల్ వాడేవాళ్లలో చాలామందికి టేబుల్ రావడం లేదు, ఉత్త అక్షరాలే వస్తున్నాయి. ఇద్దరు ముగ్గురు ఐఫోన్ వాళ్లు పీడీఎఫ్ కనిపించడం లేదన్నారు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతోంది. మూడో అంతస్తులో ఒక మాస్టారు ఉన్నారు, తెలుగు లెక్చరర్‌గా రిటైరయ్యారు. చూపు లేదు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెర మీది మాటలు చదివి వినిపించే ప్రోగ్రాము) పెట్టుకుని మెయిళ్లు వింటారు. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో ప్లెయిన్ టెక్స్ట్ మాత్రమే చూపించేలా వాళ్లబ్బాయి సెట్ చేసి వెళ్లాడట. బిల్లు అందరికంటే ముందు కట్టేది ఆయనే. మొన్న లిఫ్ట్ దగ్గర నా గొంతు గుర్తుపట్టి, "అమ్మా, ఈ నెల ఎంత కట్టాలో నోటితో చెప్పు. నీ మెయిల్ వేరే యాప్‌లో చూడమంటోంది" అన్నారు. నా ప్లెయిన్ టెక్స్ట్ భాగంలో ఉన్నదంతా కలిపి ఒక్క వాక్యం: "ఈ మెయిల్ చూడాలంటే హెచ్‌టీఎంఎల్ సపోర్ట్ ఉన్న యాప్ వాడండి." ఎక్కడో చూసి అలాగే దించేశాను. ఆయన ఆ మాట అన్నాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

కమిటీలో ఒకరు ప్లెయిన్ భాగం మొత్తం తీసేయమంటున్నారు. తీసేయాలా? ఉంచితే ఎలా రాయాలి?

కోడ్‌కాఫీ

వరస తిరగబడింది. ప్లెయిన్ ముందు, హెచ్‌టీఎంఎల్ తర్వాత ఉండాలి. పీడీఎఫ్ ఆల్టర్నేటివ్ లోపల ఉండకూడదు. నన్నడిగితే ప్లెయిన్ తీసేసినా పెద్ద నష్టం లేదు, ఇప్పుడు అన్ని ఫోన్లూ హెచ్‌టీఎంఎల్ చూపిస్తాయి.

పాతటపా

వరస గురించి పై మిత్రుడు చెప్పింది నిజం. ప్లెయిన్ తీసేయమనడం మాత్రం నేను ఒప్పుకోను. అమ్మా, ఆ భాగం తీయకండి. మీ మాస్టారికి మెయిల్ అంటే ఆ భాగమే.

2009 నుంచి ఉద్యోగంలో నా పని మెయిల్ పంపే కోడే. మీరు చేసిన పొరపాట్లు మూడూ నేను చూస్తూ వచ్చినవే, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదట వరస సంగతి. మల్టీపార్ట్/ఆల్టర్నేటివ్ అంటే ఒకే విషయానికి వేర్వేరు రూపాలు అని అర్థం. చదివే యాప్ వాటిలో తనకు చేతనైనవాటిలో చివరిది ఎంచుకుంటుంది. 1996 నవంబర్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2046 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం, 5.1.4 విభాగంలో ఈ నియమం ఉంది: సాదా రూపం ముందు, అన్నిటికంటే నిండైన రూపం చివర. దీనికి కారణం కూడా అక్కడే ఉంది. మైమ్ (మెయిల్‌ని భాగాలుగా కట్టే పద్ధతి) అంటే ఏమిటో తెలియని పాత ప్రోగ్రాములో మెయిల్ తెరిస్తే లోపలిదంతా పై నుంచి కిందికి ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. అలాంటివాళ్లకు ట్యాగులు తగలకముందే చదవగలిగే మాటలు ఎదురవ్వాలని సాదా భాగాన్ని పైన పెట్టమన్నారు. మీరు ప్లెయిన్‌ని హెచ్‌టీఎంఎల్ తర్వాత పెట్టేసరికి, అదే మెరుగైన రూపమని జీమెయిల్‌కి మీరే చెప్పినట్టయింది. అది మీ మాట విన్నది.

పీడీఎఫ్‌ని కూడా అదే పొరలో పెట్టారు. అంటే "ఈ రసీదు కూడా బిల్లుకి మరో రూపమే, మూడింట్లో ఒకటి చూపిస్తే చాలు" అన్నట్టు. కొన్ని యాప్‌లు దాన్ని దాచేయడం అందుకే. కవర్లో కవర్ పెట్టినట్టు ఊహించుకోండి. బయటి కవరు మిక్స్‌డ్. అందులో రెండు వస్తువులు: ఒకటి ఆల్టర్నేటివ్ అనే చిన్న కవరు, రెండోది పీడీఎఫ్. ఆ చిన్న కవరులో ప్లెయిన్, దాని వెనక హెచ్‌టీఎంఎల్.

పాత మైమ్‌మల్టీపార్ట్, మైమ్‌టెక్స్ట్ క్లాసులతో ఈ కవర్లన్నీ చేత్తో కట్టుకోవాలి. పైగా మైమ్‌మల్టీపార్ట్‌కి లోపల ఏమీ ఇవ్వకపోతే అది మిక్స్‌డ్ అవుతుంది. అప్పుడు ప్లెయిన్, హెచ్‌టీఎంఎల్ రెండూ ఒకదాని కింద ఒకటి కనిపించి జనం కంగారు పడతారు. ఈమెయిల్.మెసేజ్ మాడ్యూల్‌లోని ఈమెయిల్‌మెసేజ్ క్లాస్‌కి మారిపోండి. ముందు సెట్_కంటెంట్‌కి ప్లెయిన్ ఇవ్వండి. తర్వాత యాడ్_ఆల్టర్నేటివ్‌కి హెచ్‌టీఎంఎల్ ఇచ్చి, సబ్‌టైప్ 'హెచ్‌టీఎంఎల్' అనండి. చివర యాడ్_అటాచ్‌మెంట్‌తో పీడీఎఫ్ ఇవ్వండి. కవర్లు అదే కట్టుకుంటుంది. ఈ వరస తప్పకూడదు. ముందే పీడీఎఫ్ పెట్టేసి తర్వాత యాడ్_ఆల్టర్నేటివ్ పిలిస్తే, మిక్స్‌డ్‌ని ఆల్టర్నేటివ్‌గా మార్చలేనని వాల్యూఎర్రర్ ఇస్తుంది. పంపడానికి ఎస్‌ఎంటీపీలిబ్‌లో సెండ్_మెసేజ్ వాడండి, 587 పోర్టు, ముందు స్టార్ట్‌టీఎల్‌ఎస్‌తో కనెక్షన్‌ని గుప్తం చేయండి.

ఇక ప్లెయిన్ ఎలా రాయాలన్నది. చాలామంది హెచ్‌టీఎంఎల్‌లోంచి ట్యాగులు ఊడబెరికి మిగిలింది పంపిస్తారు. వ్యాసమైతే సరే. టేబుల్‌కి అది పనికిరాదు. పేర్లూ అంకెలూ ఒకదానికొకటి అతుక్కుపోయి, ఏ అంకె దేనిదో తెలియకుండా పోతుంది. బ్యూటిఫుల్‌సూప్ అనే పైథాన్ లైబ్రరీలో గెట్_టెక్స్ట్ చేసి ఒకసారి చూడండి, మీకే తెలుస్తుంది. హెచ్‌టీఎంఎల్‌లోంచి ప్లెయిన్ తీయకండి. రెండూ ఒకే డేటాలోంచి విడివిడిగా పుట్టాలి. ఎక్సెల్ వరసల నుంచి ఒక టెంప్లేట్ టేబుల్ కడుతుంది, ఇంకో టెంప్లేట్ వాక్యాలు రాస్తుంది. అప్పుడు రెండింటిలో అంకెలు వేరుగా ఉండే ప్రమాదమూ తప్పుతుంది. ఇది స్పామ్ విషయంలోనూ మేలే. స్పామ్‌అసాసిన్ అనే స్పామ్ వడపోత ప్రోగ్రాములో ఉత్త హెచ్‌టీఎంఎల్ మెయిల్‌ని పట్టుకునే రూల్ ఉంది, ప్లెయిన్‌కీ హెచ్‌టీఎంఎల్‌కీ పొంతన లేకపోతే పట్టుకునేది వేరే ఉంది. మీ ఒక్క వాక్యం ప్లెయిన్ రెండో రూల్‌కి దొరికే రకం.

చెవితో వినేవారిని మనసులో పెట్టుకుని రాయండి. మొదటి వాక్యంలోనే కట్టాల్సిన మొత్తం, గడువు తేదీ చెప్పండి. తర్వాత ఒక్కో ఖర్చూ ఒక్కో లైను: "నీళ్ల ట్యాంకర్లు: 640 రూపాయలు." ఈక్వల్ గుర్తులూ డాష్‌లూ వరసగా కొట్టి గీతలు గీయకండి. స్క్రీన్ రీడర్ సెట్టింగ్‌ని బట్టి అది ఆ గుర్తుల్ని కూడా చదివి వినిపిస్తుంది. స్పేసులతో అంకెలు కుడివైపుకి జరపడం కూడా వద్దు. లింకు ఉంటే పూర్తి అడ్రస్ దానికంటూ ఒక లైనులో పెట్టండి.

బోరునీళ్లు

పాతటపా గారూ, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్సండీ. ఈమెయిల్‌మెసేజ్‌కి మార్చాను. జీమెయిల్‌లో టేబుల్ వచ్చింది, పీడీఎఫ్ కూడా ఐఫోన్‌లో కనిపిస్తోంది. ప్లెయిన్ భాగం ఇప్పుడు ఇలా మొదలవుతుంది:

"నమస్కారం. ఈ నెల మీరు కట్టాల్సిన మెయింటెనెన్స్ 2,490 రూపాయలు. 10వ తేదీలోపు కట్టాలి. వివరాలు కింద ఉన్నాయి.
జీతాలు: 1,150 రూపాయలు.
నీళ్ల ట్యాంకర్లు: 640 రూపాయలు.
కామన్ కరెంటు: 385 రూపాయలు.
జనరేటర్ డీజిల్: 90 రూపాయలు.
లిఫ్ట్: 135 రూపాయలు."

ఇంకా రెండు చిక్కులున్నాయి. యూపీఐ క్యూఆర్ బొమ్మని బేస్64 చేసి, అంటే అక్షరాలుగా మార్చి, నేరుగా ఇమేజ్ ట్యాగ్‌లో డేటా అడ్రస్‌గా పెట్టాను. బ్రౌజర్‌లో వస్తోంది, జీమెయిల్‌లో రావడం లేదు. ఇంకోటి, జీమెయిల్‌లో షో ఒరిజినల్ నొక్కి చూస్తే సబ్జెక్ట్ ముక్కలు ముక్కలుగా ఉంది. ఏమైనా పాడవుతోందా?

అక్షరాలబడి

సబ్జెక్ట్ సంగతి నేను చెప్తాను. ఏమీ పాడవలేదు. హెడర్‌లో తెలుగు నేరుగా వెళ్లదు, ఆర్‌ఎఫ్‌సీ 2047 పద్ధతిలో ఎన్‌కోడ్ అయి వెళ్తుంది. అలా ఎన్‌కోడ్ చేసిన ఒక్కో ముక్క 75 క్యారెక్టర్లు దాటకూడదు. ముందూ వెనకా ఉండే గుర్తులకి 12 పోతే 63 మిగులుతాయి. బేస్64 నాలుగేసి క్యారెక్టర్ల గుత్తులుగా నడుస్తుంది కాబట్టి అందులో 60 వాడుకోగలం, అంటే 45 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు. కాబట్టి ఒక ముక్కలో 15 కోడ్‌లు పడతాయి. అదీ గుణింతం గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కపెడితేనే. "మెయింటెనెన్స్" అన్న ఒక్క మాటే 13 అవుతుంది. అందుకే తెలుగు సబ్జెక్ట్ అంత త్వరగా ముక్కలవుతుంది. అందుకునే వైపు మళ్లీ అతుక్కుంటుంది.

చేత్తో మాత్రం ఎన్‌కోడ్ చేయకండి. నేనొకసారి బైట్లని లెక్కపెట్టి కోశాను, ఒక అక్షరం సరిగ్గా మధ్యకి తెగింది. చదివేవాళ్లకి అక్కడ ప్రశ్న గుర్తుల డబ్బాలు వచ్చాయి. సబ్జెక్ట్‌కి మామూలు తెలుగు స్ట్రింగ్ ఇచ్చేస్తే చాలు, ఈమెయిల్‌మెసేజ్ అక్షరం తెగకుండా చూసుకుంటుంది.

బాడీ విషయంలో ఒక మాట. కోటెడ్-ప్రింటబుల్ అనే ఎన్‌కోడింగ్‌లో ఒక్కో బైటు మూడు క్యారెక్టర్లవుతుంది, అంటే ఒక తెలుగు కోడ్ తొమ్మిది. బేస్64లో అదే నాలుగు. పైథాన్ తనంతట తానే ఎంచుకుంటుంది, కానీ తెలుగు ఎక్కువున్న మెయిల్‌కి సీటీఈ (బాడీని ఎన్‌కోడ్ చేసే పద్ధతి) 'బేస్64' అని మీరే ఇచ్చేయడం నాకు నచ్చుతుంది. ఇంకా, హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో భాష తెలుగని లాంగ్ అట్రిబ్యూట్ పెట్టండి. హెచ్‌టీఎంఎల్ భాగం వినేవారికి స్క్రీన్ రీడర్ తెలుగు గొంతు ఎంచుకోవడానికి అది పనికొస్తుంది.

పాతటపా

క్యూఆర్ గురించి: డేటా అడ్రస్‌తో పెట్టిన బొమ్మల్ని జీమెయిల్ చూపించదు. బొమ్మని మెయిల్‌లోనే ఒక భాగంగా పంపి, హెచ్‌టీఎంఎల్‌లోంచి సీఐడీతో (ఆ భాగానికి ఇచ్చిన గుర్తింపు పేరుతో) పిలవాలి. అంటే ఇంకో కవరు వస్తుంది: ఆల్టర్నేటివ్ లోపల హెచ్‌టీఎంఎల్ ఉన్నచోట రిలేటెడ్ అనే కవరు, అందులో హెచ్‌టీఎంఎల్, బొమ్మ.

మేక్_ఎంఎస్‌జీఐడీతో ఒక ఐడీ తయారుచేయండి. అది యాంగిల్ బ్రాకెట్లతో వస్తుంది. యాడ్_రిలేటెడ్‌కి బ్రాకెట్లతోనే ఇవ్వాలి, హెచ్‌టీఎంఎల్‌లో సీఐడీ కోలన్ తర్వాత బ్రాకెట్లు తీసేసి రాయాలి. ఈ ఒక్క తేడా మీద నేను ఒక పూట పోగొట్టుకున్నాను. యాడ్_రిలేటెడ్‌ని మెసేజ్ మీద కాకుండా, గెట్_పేలోడ్ ఇచ్చే లిస్టులో రెండోదైన హెచ్‌టీఎంఎల్ భాగం మీద పిలవండి. ఇది పీడీఎఫ్ అటాచ్ చేయకముందే జరగాలి. పీడీఎఫ్ పెట్టాక బయట మిక్స్‌డ్ వచ్చేస్తుంది, అప్పుడు ఆ రెండో స్థానంలో ఉండేది పీడీఎఫ్.

మాస్టారికి క్యూఆర్‌తో పనిలేదు. ప్లెయిన్‌లో అసోసియేషన్ యూపీఐ ఐడీ అక్షరాల్లో రాయండి.

పరీక్షించడానికి 84 మందికీ పంపనక్కర్లేదు. ఏఐఓఎస్‌ఎంటీపీడీ ఇన్‌స్టాల్ చేసుకుంటే మీ కంప్యూటర్‌లోనే 8025 పోర్టు మీద మెయిల్ అందుకుని తెర మీద చూపిస్తుంది. పాత పాఠాల్లో ఉండే ఎస్‌ఎంటీపీడీ మాడ్యూల్ పైథాన్ 3.12 నుంచి లేదు, దానికోసం వెతక్కండి. తర్వాత మీకు మీరే ఒకటి పంపుకుని, థండర్‌బర్డ్‌లో వ్యూ మెనూలో మెసేజ్ బాడీ యాజ్ దగ్గర ప్లెయిన్ టెక్స్ట్ పెట్టండి. ఎన్‌వీడీఏ ఉచితమే. స్క్రీన్ ఆపేసి ఒకసారి వినండి.

బోరునీళ్లు

క్యూఆర్ వచ్చింది. స్క్రీన్ ఆపి విన్నాను కూడా. "లిఫ్ట్: 135" తర్వాత యూపీఐ ఐడీ ఒక్క గుక్కలో వచ్చి ఏమీ అర్థం కాలేదు, అందుకని దాని ముందు ఒక ఖాళీ లైను, "డబ్బు పంపాల్సిన ఐడీ" అని ఒక మాట పెట్టాను. నిన్న సాయంత్రం అందరికీ పంపేశాను.

పది నిమిషాల్లో మాస్టారి దగ్గర్నుంచి ఫోన్. "విన్నానమ్మా, చక్కగా ఉంది. కానీ నువ్వు చెప్పిన ఐదూ కలిపితే 2,400 వస్తోంది. పైన 2,490 అన్నావు" అన్నారు. నేను కాగితం తీసి కూడి చూశాను. ఆయన చెప్పిందే నిజం. వరసలు ఎక్సెల్‌లోంచి నేరుగా వస్తున్నాయి, మొత్తం మాత్రం నేను వేరే ఫంక్షన్‌లో లెక్కేస్తున్నాను. అక్కడ డీజిల్ ఒకసారి కామన్ కరెంటుతో, ఇంకోసారి విడిగా కలిసిపోయింది. ఫ్లాట్‌కి 90 చొప్పున 84 ఫ్లాట్లకి 7,560 రూపాయలు ఎక్కువ అడిగాను. పై పోస్టులో నేను అతికించిన బిల్లులోనూ ఆ తప్పు అలాగే ఉంది చూడండి.

రాత్రే సరిచేశాను. మొత్తం కూడా ఇప్పుడు ఆ ఐదు వరసల్లోంచే వస్తుంది. సవరించిన బిల్లు అందరికీ మళ్లీ పంపాను. అప్పటికే కట్టేసిన పదకొండు మందికి వచ్చే నెలలో 90 తగ్గుతుందని ప్లెయిన్‌లోనూ, టేబుల్ కిందా రాశాను.