1870ల నాటి పశ్చిమ అమెరికా ఊరి బ్రాస్ బ్యాండు: కూర్పు, శ్రుతి

ప్రశ్న: కాన్సాస్ వైపు కొత్తగా వెలిసిన ఊళ్ల బ్యాండులాంటిది పన్నెండు మందితో కూర్చాలి. ఎవరికి ఏ వాద్యం? పాత ఫొటోల్లో కొన్ని హార్న్‌ల గంటలు (శబ్దం బయటికొచ్చే వెడల్పాటి మూతులు) భుజం మీదుగా వెనక్కి ఎందుకున్నాయి? ఆ కాలపు బి-ఫ్లాట్ కార్నెట్ (ట్రంపెట్‌లాంటి చిన్న ఇత్తడి వాద్యం) పియానో కంటే బాగా హెచ్చు శ్రుతిలో పలుకుతోంది, ఏం చేయాలి?

జవాబు 1: ఇ-ఫ్లాట్ కార్నెట్ 1, బి-ఫ్లాట్ కార్నెట్‌లు 2, ఆల్టోలు 2, టెనర్‌లు 2, బారిటోన్ 1, ఇ-ఫ్లాట్ బేస్‌లు 2 (ఆల్టో నుంచి బేస్ దాకా వరసగా మరింత మంద్రంగా పలికే హార్న్‌లు), సైడ్ డ్రమ్ము 1, పెద్ద డ్రమ్ము 1. పెద్ద డ్రమ్ము మీదే ఒక ఇత్తడి తాళం (సింబల్) బిగిస్తే రెండూ ఒక్కరే వాయించవచ్చు. రాగం పైస్థాయి ఇ-ఫ్లాట్ కార్నెట్‌ది, దానికి బదులు పలికేది బారిటోన్. ఆల్టోలు, టెనర్‌లు ఎక్కువగా దెబ్బకూ దెబ్బకూ మధ్య "చక్, చక్" అంటాయి కాబట్టి కొత్తవాళ్లను అక్కడ కూర్చోబెట్టండి. ఈ హార్న్‌లన్నీ చేరే శాక్స్‌హార్న్ కుటుంబమంతటికీ వేళ్ల వాడకం ఒకటే. ఎవరైనా రాకపోతే పక్కవాద్యం వాళ్లు అందుకోగలరు. చిన్న ఊళ్లకు అంతకంటే ఏం కావాలి!

జవాబు 2: గంట వెనక్కి ఉండేది సైన్యం కోసం. బ్యాండు ముందు నడుస్తుంది, శబ్దం వెనక వచ్చే పటాలానికి చేరాలి. న్యూయార్క్‌లోని డాడ్‌వర్త్ కుటుంబం 1838లో ఈ తరహా తెచ్చింది. వేదిక మీద శ్రోతలకు ఎదురుగా కూర్చుంటే మాత్రం శబ్దం వెనకగోడకే పోతుంది. కచేరీకైతే గంట పైకి ఉన్నవి తీసుకోండి. కాన్సాస్‌లోని డాడ్జ్ సిటీ కౌబాయ్ బ్యాండు 1889లో అధ్యక్షుడు హారిసన్ ప్రమాణ స్వీకారానికి వాషింగ్టన్ దాకా వెళ్లింది. ఊరి బ్యాండు అంటే అంత పట్టుదల!

జవాబు 3: శ్రుతి సంగతి. అప్పటి చాలా వాద్యాలు 'ఎ' స్వరం సుమారు 452-457 హెర్ట్జ్ ఉండేలా చేసినవి, ఇప్పుడు 440. 457 నుంచి దించాలంటే మొత్తం గొట్టం దాదాపు 5 సెంటీమీటర్లు పెరగాలి. స్లైడుకు (శ్రుతి సరిచేయడానికి బయటికి లాగే U ఆకారపు గొట్టం) రెండు కాళ్లు కనుక 2.5 లాగితే చాలు. అక్కడితో ఆగితే వాల్వు (గాలిని అదనపు గొట్టంలోకి మళ్లించే మీట) నొక్కిన స్వరాలు హెచ్చుగానే మిగులుతాయి. మొదటి వాల్వు స్లైడును కూడా సుమారు 3 మిల్లీమీటర్లు, రెండోదాన్ని అందులో సగం లాగాలి. స్లైడు అంత దూరం రాకపోతే కోసి అతికించకండి, పాత వాద్యం పాడవుతుంది. బ్యాండంతా పాత శ్రుతిలోనే వాయించి పియానోను పక్కన పెట్టడమే మేలు.

ఇంకోటి, తాడుతో తిరిగే రోటరీ వాల్వులైతే (లోపలి రోటర్ అనే గుండ్రటి ముక్క తిరిగి గాలిని మళ్లించేవి) ముందు తాడు బిగువు, ఆగేచోట ఉన్న కార్క్ ముక్క చూడండి. కార్క్ అరిగితే రోటర్ రంధ్రం గొట్టానికి సరిగ్గా ఎదురుపడదు, గాలి అడ్డుపడి స్వరం మూసుకుపోయినట్టు వస్తుంది.