తుంటి మార్పిడిలో పెట్టిన కప్పు వాలు 52 డిగ్రీలుంటే తుంటి త్వరగా అరిగిపోతుందా?

అడయార్ ఫిజియో:
నెల్లూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై వచ్చి తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్ళు ఎక్స్‌రే చేత్తో పట్టుకుని మొదట అడిగేది ఒక్కటే, కప్పు (కటి ఎముకలో బిగించే, బంతి తిరిగే గిన్నె) సరిగ్గా కూర్చుందా అని. ఇప్పుడొక కేసు. 64 ఏళ్ళావిడ, సిమెంటు లేని కప్పు, క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్ (అరుగుదల తట్టుకునేలా గట్టిపరిచిన ప్లాస్టిక్) లైనర్, అంటే కప్పు లోపలి పొర, 32 మిల్లీమీటర్ల సిరామిక్ బంతి. కప్పు వాలు (ఎంత నిటారుగా ఉందన్న కోణం) 52, యాంటీవర్షన్ (ముందుకి ఎంత తిరిగిందన్న కోణం) 12 అని రిపోర్టు. నడుముకి ఎల్4 నుంచి ఎస్1 దాకా (నడుము కింది పూసల నుంచి త్రికాస్థి పై పూస వరకు) రాడ్లు అంతకుముందే ఉన్నాయి. వాలు 50 దాటింది కాబట్టి పదేళ్ళు కూడా రాదని ఎవరో చెప్పారట. నిజమేనా? బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం సంగతేంటి?

కీళ్ళ సర్జన్, బెంగళూరు:
52 గురించి అంత బెంగ అక్కర్లేదు. చూడాల్సింది నడుములో రాడ్లని.

వాలు 30–50, యాంటీవర్షన్ 5–25 అన్న హద్దులు 1978లో లెవినెక్ బృందం గీసినవి. వాళ్ళు లెక్కపెట్టింది కీలు జారడాన్ని, అరుగుదలని కాదు. పైగా జారిన తుంట్లలో సగానికి మించి ఆ హద్దుల లోపలే ఉన్నాయని 2016లో మేయో క్లినిక్ వాళ్ళు చూపించారు. ఎందుకంటే కప్పు ఒకచోట కదలకుండా ఉండేది ఫిల్ములోనే. మనం కుర్చీలో కూర్చోగానే కటి ఎముక సుమారు 20 డిగ్రీలు వెనక్కి వాలుతుంది. ఒక్కో డిగ్రీకి యాంటీవర్షన్ సుమారు 0.7–0.8 డిగ్రీ పెరిగి, కప్పు ముందువైపు తెరుచుకుని తొడకి చోటిస్తుంది. నడుము బిగుసుకుపోతే ఆ తెరుచుకోవడం ఉండదు. వంగినప్పుడు స్టెమ్ (తొడ ఎముకలో దించిన లోహపు కాడ) మెడ కప్పు ముందంచుకి తగులుతుంది, ఆ ఊతంతో బంతి వెనకనుంచి లేస్తుంది. ఈవిడకి యాంటీవర్షన్ 12 అంటే నాకు తక్కువే. ఇలాంటి నడుముకి చాలామంది 20–25 దగ్గర పెడతారు, లేదా డ్యూయల్ మొబిలిటీ కప్పు (బంతి ఒక పెద్ద ప్లాస్టిక్ బంతిలో, అది కప్పులో తిరిగే రకం) వాడతారు.

ఇక అరుగుదల. కప్పు నిటారుగా ఉంటే బరువంతా పై అంచు దగ్గర కాస్త జాగాలోనే పడుతుంది. పాత పాలిథిలిన్ అక్కడే అరిగేది, ఆ పొడికి చుట్టూ ఎముక కరిగి కప్పు వదులయ్యేది. క్రాస్‌లింక్డ్ లైనరు ఈ కోణాన్ని చాలావరకు తట్టుకుంటుంది. సిరామిక్ మీద సిరామిక్ (బంతీ, లైనరూ రెండూ అదే) అయితే అంచు రాపిడికి గీత పడుతుంది, కిర్రుమని చప్పుడూ రావచ్చు. అన్నిటికన్నా దెబ్బతిన్నది లోహం మీద లోహం. 2010 ఆగస్టులో డీప్యూ కంపెనీ వెనక్కి తీసుకున్న ఏఎస్ఆర్ అనే కృత్రిమ తుంటి ఆ కోవలోదే, కప్పు నిటారుగా ఉన్నవాళ్ళకి రక్తంలో కోబాల్టు, క్రోమియం బాగా పెరిగేవి.

ఎక్స్‌రే టెక్నీషియన్, తాంబరం:
ముందు ఆ 52 నిజమో కాదో చూడండి. రెండు టియర్‌డ్రాప్‌ల (ఫిల్ములో కప్పు కింద కటి ఎముక మీద కన్నీటి చుక్కలా కనిపించే ఆకారాలు) కింది కొసలు కలుపుతూ ఒక గీత, కప్పు అంచుల కొసలు కలుపుతూ ఇంకో గీత. వాటి మధ్య కోణమే వాలు. కటి ఎముక కింది భాగంలోని రెండు ఆబ్ట్యురేటర్ రంధ్రాలూ ఒకే వెడల్పులో లేకపోతే మనిషి పక్కకి తిరిగి పడుకున్నట్టే, ఆ ఫిల్ము కొలతకి పనికిరాదు. పైగా ముందునుంచి తీసిన ఫిల్ములో కప్పు ముందుకి తిరిగిందో వెనక్కి తిరిగిందో తేల్చలేం. దానికి క్రాస్‌టేబుల్ లేటరల్ (పడుకోబెట్టి పక్కనుంచి తీసే ఫిల్ము) తీయాలి.

అడయార్ ఫిజియో:
నడుము ఎంత బిగుసుకుందో ఎలా చూడాలి సార్?

కీళ్ళ సర్జన్, బెంగళూరు:
పక్కనుంచి రెండు ఫిల్ములు తీయించండి, నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి. ఎస్1 పై అంచు గీతకీ అడ్డగీతకీ మధ్య కోణం రెండింట్లోనూ కొలవండి. తేడా 10కి తక్కువైతే బిగుసుకున్నట్టే. అలా తేలితే గొంతుక్కూర్చోవడం వద్దు, పీట వద్దు, వెస్టర్న్ కమోడు కూడా ఎత్తు పెంచాలి. బాసింపట్టుకన్నా ప్రమాదం ముందుకి వంగి మోకాలు లోపలికి తిప్పడం. చెప్పు తొడుక్కునేటప్పుడు, కింద పడ్డది తీసేటప్పుడు చేసేది అదే.

స్టెమ్ కూడా చూడండి. కప్పు, స్టెమ్ యాంటీవర్షన్‌లు కలిపి 25–50 మధ్య ఉంటే మంచిది. ఆఫ్‌సెట్ (బంతి మధ్య నుంచి తొడ ఎముక నడిగీతకి ఉన్న దూరం) తగ్గితే పిరుదు కండరం వదులై కుంటు పోదు. ఎంత వ్యాయామం చేయించినా లాభముండదు, మీరు తల పట్టుకుంటారు.

ఫాలో అప్ ఫిల్ములన్నీ ఒకే పద్ధతిలో తీయించి బంతి కప్పులో ఎంత పైకి జరిగిందో పోల్చండి. బంతి 32 అని తెలుసు కాబట్టి ఫిల్ము సైజు దాంతోనే సరిచేసుకోవచ్చు. మొదటి ఏడాది లైనరు సర్దుకుంటుంది, ఆ కదలిక లెక్కలోకి రాదు. తర్వాత ఏడాదికి 0.1 మిల్లీమీటరు దాటితే సర్జన్‌కి చూపించండి.