అప్‌డేట్: తోడేలు మనుషులకు గుంటూరులో చోటు దొరికింది

నా ఫాంటసీ నవలలో తోడేలు మనుషుల ఒళ్లు ఎలా మారాలి, ఊళ్లో వాళ్ల స్థాయి ఏంటి అని పోయిన నెల అడిగాను కదా, రెండూ తేలాయి. మనిషికి 32 పళ్లు, తోడేలుకు 42, అంటే మారిన ప్రతిసారీ పది పళ్లు కొత్తగా పొడుచుకురావాలి, అందుకే పున్నమికి రెండు రోజుల ముందు నుంచి మా హీరో అన్నం నమలలేక గంజి తాగుతాడు. గుంపు నాయకత్వం కోసం కొట్లాటలు తీసేశాను, ఎందుకంటే అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు అమ్మా నాన్నా పిల్లలే.

అసలు చిక్కు గుంటూరు మిర్చి యార్డు, అంటే ఎండుమిర్చి మార్కెట్. టిక్కీ (మిర్చి బస్తా) విప్పితే మామూలు మనిషికే తుమ్ములు, ఇక తోడేలు మనిషి ముక్కుకు నరకం, కాబట్టి పగటి పని ఎవరూ ఇవ్వరు, రాత్రి కాపలా ఒక్కటే. అది రాస్తుంటే చాలా బాధేసింది. పెళ్లి సంబంధాల అధ్యాయం ఇంకా రాయాలి.