‘ప్రణేయ’కు సాటి మాటలేవి?

ప్రశ్న: ‘ప్రణేయుడు’ అంటే ఎటు నడిపితే అటు నడిచేవాడు, ఎలా మలిస్తే అలా ఒదిగేవాడు. ఈ మాట కనిపిస్తే ‘ప్రణయం’ తాలూకుదేమో అని చదివేవారు పొరబడతారు. దీని బదులు ‘విధేయుడు’ అంటే సరిపోతుందా? వేరే మాటలేమున్నాయి?

జవాబు: ముందు మాట పుట్టుక చూద్దాం. ‘నీ’ ధాతువుకు నడిపించు అని అర్థం. ‘చేయదగిన’ అనే అర్థమిచ్చే యత్ ప్రత్యయం చేరితే ‘నేయ’ అవుతుంది, ‘జి’ నుంచి ‘జేయ’ వచ్చినట్టే. ‘అజేయుడు’లో ఉన్నది ఆ జేయమే. ‘ప్ర’లోని రేఫ, అంటే ర-కారం వల్ల న కాస్తా ణ అయింది. మొత్తానికి నడిపించడానికి వీలైనవాడు అని. ప్రణయం, ప్రణేత కూడా ఆ ధాతువు పిల్లలే. ప్రణేత నడిపేవాడు, ప్రణేయుడు నడిచేవాడు. రెండూ ఒకే వాక్యంలో పెడితే ప్రణయంతో గందరగోళం పోతుంది.

అమరకోశం మూడో కాండలో ఇది విధేయ, వినయగ్రాహి, వచనేస్థిత, ఆశ్రవ, వశ్య అనే మాటల పక్కన కనిపిస్తుంది. పక్కన ఉన్నంత మాత్రాన ఒకదాని చోట ఇంకొకటి వేయకూడదు. ఆశ్రవుడిలో ఉన్నది ‘శ్రు’ ధాతువు, అంటే చెప్పింది వినేవాడు. వచనేస్థితుడు మాట మీద నిలిచేవాడు; ‘వచనే’లో సప్తమీ విభక్తి లోపించలేదు, కాబట్టి అలుక్ సమాసం. వినయగ్రాహి నేర్పితే పట్టుకునేవాడు. ఇక్కడ వినయమంటే అణకువ కాదు, శిక్షణ. బాగా తర్ఫీదైన గుర్రాన్ని అదే నిఘంటువు ‘వినీతం’ అంటుంది.

మరొక జవాబు: ‘విధేయుడు’ వద్దనే నా అభిప్రాయం. తెలుగులో అది ఉత్తరం చివరి సంతకం దగ్గర స్థిరపడింది, వ్యాకరణంలో ఉద్దేశ్యానికి (వాక్యం ఎవరి గురించో ఆ భాగానికి) జంటగా, దాని గురించి చెప్పే భాగంగా, వేరే పనిలో ఉంది. పైగా విధేయుడు ఒకరికి కట్టుబడి ఉంటాడు. ప్రణేయుడికి ఆ కట్టుబాటు లేదు, పొద్దున ఒకరు ఇటు తిప్పితే సాయంత్రం ఇంకొకరు అటు తిప్పగలరు. ‘వశ్యుడు’ అంటే వశీకరణం, మంత్రం గుర్తొస్తాయి. నింద ఉద్దేశమైతే కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో వాడిన ‘పరప్రత్యయనేయబుద్ధి’ అచ్చంగా సరిపోతుంది: ఇతరుల నమ్మకాన్ని బట్టి నడిచే బుద్ధి గలవాడు. అందులోనూ అదే ‘నేయ’.

ఇంకొకరు: తెలుగులో దీనికి ఒంటిమాట విశేషణం వెతికేకంటే క్రియను పట్టుకోవడం మేలు. వంగు, లొంగు, ఒదుగు, సాగు – నాలుగూ వేరు. వంగడంలో లేతదనం ఉంది, అందుకే ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటాం. లొంగడంలో ఓటమి ఉంది. ఒదగడంలో ఇష్టం ఉంది. పిల్లల మనసు గురించైతే ‘వంచితే వంగే వయసు’ చాలు. పెద్దవాణ్ణి తప్పుపట్టాలంటే ‘చెప్పుడు మాటలు వినే మనిషి’. అన్నిటికీ గంగిరెద్దులా తలూపేవాడు మాత్రం వేరు. తల ఊగినా మనసు మారి ఉండకపోవచ్చు.

తప్పు ఎక్కువగా అనువాదాల్లో జరుగుతుంది. ‘సులభంగా ప్రభావితం చేయబడే వ్యక్తి’ అని రాస్తారు. ‘బడు’ తీసేసి ‘ఎవరేం చెప్పినా ఇట్టే మారిపోయే మనిషి’ అంటే వాక్యం లేచి నిలబడుతుంది.

చేర్పు: వస్తువుల సంగతి వేరు. రేకుగా సాగే గుణం స్తరణీయత, తీగగా సాగేది తాంతవత. స్తరమంటే పొర, తంతువంటే దారం. సీసం సుత్తి దెబ్బకు చక్కగా పలచబడుతుంది, తీగగా లాగితే తెగిపోతుంది. అందుకే రెంటికీ ‘సాగే గుణం’ అని ఒకే మాట వేస్తే పాఠం తప్పుతుంది. ‘స్థితిస్థాపకత’ను ఇక్కడికి లాగొద్దు. వదలగానే పాత రూపానికి వచ్చేది స్థితిస్థాపకం. మనకు కావలసింది ఇచ్చిన రూపంలోనే ఉండిపోయేది.

ప్రశ్న అడిగినవారు: అర్థమైంది. నా వాక్యం ‘ప్రణేయుడైన యువరాజు మంత్రుల చేతిలో పడ్డాడు’. ప్రణేయుడు ఉంచనా?

జవాబు: ఉంచండి. యువరాజు, మంత్రులు ఉన్న వాక్యంలో సంస్కృతం నప్పుతుంది. ‘ఎవరు నడిపితే వారి వెంట నడిచే’ అని ముందు వాక్యంలో ఒకసారి అనేస్తే అర్థానికీ లోటుండదు. స్త్రీకైతే ‘ప్రణేయురాలు’, మనసుకైతే ‘ప్రణేయమైన’.