90 దాటితే స్టీరింగ్ అదురుతోంది, మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు

సూర్యాపేట_రోడ్డు:
అన్నలూ, కాస్త దారి చూపండి. 2018 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 185/65 ఆర్15 టైర్లు, 52 వేలు తిరిగింది. రెండు వారాలకోసారి హైదరాబాద్ నుంచి ఊరికి, అంటే ఎక్కువగా విజయవాడ హైవే మీదే. 80 దాకా ఏ గొడవా లేదు. 85 దాటిందంటే స్టీరింగ్ అదురు మొదలు, 95 దగ్గర చేతులు తిమ్మిరెక్కేంత, 105కి తీసుకెళ్తే కొంచెం తగ్గినట్టు ఉంటుంది. సర్వీస్‌లో వెనక టైర్లు ముందుకు, ముందువి వెనక్కి మార్పించాక మొదలైంది. మూడుసార్లు బ్యాలెన్సింగ్, రెండుసార్లు అలైన్‌మెంట్ అయ్యాయి. మెషీన్ మీద సున్నాలు చూపించి పర్ఫెక్ట్ సార్ అంటాడు, ఇప్పుడేమో నాలుగు టైర్లూ మార్చేయమంటున్నారు. మా నాన్నేమో 80లోనే పో, అదురు ఎక్కడిది అంటాడు.

పాతబండి:
నాన్నగారిదే చవకైన రిపేరు 😀 అలైన్‌మెంట్‌కి డబ్బులు దండగ చేసుకున్నావ్ బ్రో. అది చక్రాల కోణం సరిచేయడం, ఆ కోణం తేడా ఉంటే బండి పక్కకి లాగుతుంది, టైరు ఒకవైపే అరుగుతుంది, ఇలా అదరడం అరుదు. నీ టైరు చుట్టుకొలత రెండు మీటర్లకి కాస్త తక్కువ, 95లో వెళ్తే సెకనుకి 13 సార్లకి పైనే తిరుగుతుంది, అప్పుడు చిన్న తేడా అయినా సుత్తితో కొట్టినట్టే. ఒక స్పీడ్‌లోనే ఎక్కువగా ఉందంటే చక్రాల దగ్గరే అనుమానం. రెండు సంగతులు చెప్పు: బ్రేక్ నొక్కినప్పుడు పెరుగుతోందా? పెరిగితే డిస్కులు చూడాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే వచ్చి, కాలు తీయగానే పోతోందా? అలాగైతే ముందు చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్.

నల్లరేగడి:
వానల్లో పొలం వైపు వెళ్లావా అన్నా? నాకు గుంటూరు దగ్గర సరిగ్గా ఇదే అయింది. నల్లమట్టి రిమ్ము లోపలివైపు దట్టంగా పట్టి ఎండిపోయింది, బయటి నుంచి కారు తళతళ మెరుస్తోంది. చక్రం విప్పి స్క్రూడ్రైవర్‌తో గీకితే అరచేతి అంత పెళ్ల ఊడింది, అంతే, అదురు మాయం.

సూర్యాపేట_రోడ్డు:
బ్రేక్‌కి తేడా లేదు. కాలు తీసేసినా అదురుతూనే ఉంది. రిమ్ములు లోపల కూడా కడిగించాను, మట్టి లేదు.

షెడ్డు_మామ:
తమ్ముడూ, జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాకే మొదలైంది అన్నావు కదా, అంటే చెడ్డది ఇంతకుముందు వెనక ఉంది. ముందు చక్రం తేడా స్టీరింగ్‌లో తెలుస్తుంది, వెనకది సీటు కింద తెలుస్తుంది, వెనక ఉంటే రోడ్డు బాగోలేదులే అని మనం వదిలేస్తాం. ఇక బ్యాలెన్సింగ్ మెషీన్ చూపించే సున్నా, చక్రం చుట్టూ బరువు సమానంగా ఉందన్న లెక్క మాత్రమే. టైరు కోడిగుడ్డు ఆకారంలో ఉన్నా వెయిట్లు అంటించి సున్నా తెప్పించొచ్చు. కింద రోడ్డుకి ఆనినప్పుడు అసలు రంగు బయటపడుతుంది.

ఇంటి దగ్గరే చూసుకో. చదునైన చోట హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ముందు ఒకవైపు జాకీ ఎత్తు. బండి కిందకి మాత్రం దూరకు. ఇటుక మీద సుద్దముక్క పెట్టి టైరు ముఖానికి తగిలీ తగలనట్టు ఉంచి, చేత్తో మెల్లగా తిప్పు. సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే టైరు గుండ్రంగా లేదు. తర్వాత అదే సుద్ద రిమ్ము అంచు దగ్గర పెట్టి చూడు, అక్కడా ఊగితే గుంతలో పడి రిమ్ము వంగింది. ఆఖర్న ట్రెడ్ మీద, అంటే రోడ్డుకి ఆనే భాగం మీద చెయ్యి పెట్టి చుట్టూ తడుము, ముఖ్యంగా లోపలివైపు.

సూర్యాపేట_రోడ్డు:
మామా, దొరికింది!! కుడివైపు రిమ్మూ టైరూ రెండూ బాగున్నాయి. ఎడమవైపు రిమ్ము దగ్గర సందు కదల్లేదు, టైరు మాత్రం ఒకచోట సుద్దని నెట్టేసింది. అక్కడ తడిమితే లోపలి అంచున నిమ్మచెక్క అంత ఎత్తు తగిలింది, పైకి నిలబడి చూస్తే కనిపించనే కనిపించదు. టైరు పక్కన నాలుగంకెలు 3417.

షెడ్డు_మామ:
టైరు రబ్బరు లోపల ఉండే స్టీలు తీగల పొర, అదే స్టీలు బెల్టు, విడిపోతోంది. దాంతో హైవే ఎక్కకు, ఎప్పుడైనా పగలొచ్చు. ఈరోజే స్టెప్నీ వేసి మెల్లగా షాపు దాకా పో. స్టెప్నీ సన్న సైజుదైతే దాని మీదే స్పీడు రాసుంటుంది, మామూలుగా 80. 3417 అంటే 2017లో 34వ వారం తయారీ. మిగతా మూడూ అప్పటివే అయితే నాలుగూ మార్చమన్న షాపువాడితో ఇక గొడవెందుకు, వాడు కారణం చెప్పలేకపోయాడు అంతే.

పాతబండి:
రెండే మారిస్తే కొత్తవి వెనక వేయించు. షాపులో ముందు వేస్తామంటారు, ఒప్పుకోకు, వానలో వెనక జారితే మన చేతిలో ఉండదు. బిగించే ముందు చక్రం ఆనే హబ్బు మీద తుప్పు వైరు బ్రష్‌తో రుద్దమను, నట్లు ఒకదానికి ఎదురుగా ఒకటి బిగించమను. గన్‌తో టకటకా కొట్టి వదిలేస్తే మళ్లీ ఇక్కడికే వస్తావ్.

సూర్యాపేట_రోడ్డు:
మిగతావి కూడా 2017వే. శనివారం నాలుగూ మార్పిస్తున్నా. నాన్నకి ఇంకా చెప్పలేదు.