యెజ్డీ రోడ్‌కింగ్ కిక్ షాఫ్ట్ ఎక్కడ దొరుకుతుంది?

మా నాన్నగారి 1988 రోడ్‌కింగ్ బైక్‌ని మళ్లీ రోడ్డెక్కిద్దామని ఆర్నెల్లుగా కుస్తీ పడుతున్నాను. అరిగిన సిలిండర్‌ని బోర్ చేయించి (లోపల కొంచెం పెద్దది చేయించి) ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాను, ఆ బాధ తీరింది. అసలు చిక్కు కిక్ దగ్గర. తెలిసినవాళ్లకు తెలుసు, ఈ బండికి కిక్ రాడ్, గేర్ రాడ్ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ అవుతుంది. రాడ్ పట్టుకోవాల్సిన చోట షాఫ్ట్ పళ్లు అరిగి, వేలితో తడిమితే నున్నగా తగులుతోంది. గట్టిగా తొక్కితే రాడ్ జర్రున జారుతుంది. మొన్న పిక్కకు తగిలి రెండు రోజులు కుంటుతూ తిరిగాను.

హైదరాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ తిరిగాను. ఒక షాపులో ఒరిజినల్ అని అంటగట్టింది పది రోజులు కూడా ఆగలేదు. ఈ పాత యెజ్డీలు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది, ఇక పాత స్టాకే దిక్కు.

చెన్నై పుదుప్పేటలోనో, ఢిల్లీ కరోల్ బాగ్‌లోనో ఈమధ్య కొన్నవాళ్లున్నారా? పాత జావా 250 షాఫ్ట్ దీనికి సరిపోతుందా? లేత్ మీద చేయించి, హార్డెనింగ్ (లోహం గట్టిపడేలా కాల్చడం) చేయించి పెట్టించుకున్నవాళ్లుంటే అది ఎన్నాళ్లు నిలిచిందో చెప్పండి. సెకండ్‌హ్యాండ్ అయినా పర్లేదు, పళ్లు కనిపించేలా ఒక ఫొటో పెడితే చాలు.

కొత్త యెజ్డీ కొనుక్కోమని మాత్రం అనకండి. అది మా ఇంట్లో రోజూ వింటున్నాను.