బ్రాంప్టన్‌లో వెనక కారు తగిలింది, పోలీసులకు చెప్పాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈ ఏడాదే హైదరాబాదు నుంచి కెనడాలోని ఒంటారియో రాష్ట్రానికి వచ్చాం. నిన్న సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక కారు మంచులో జారి వచ్చి మా బంపర్‌కు తగిలింది. పైకి చిన్న సొట్టే. పోలీసులు, ఇన్సూరెన్సు ఎందుకు, నాలుగు వందల డాలర్లు ఇస్తానంటున్నాడు అతను. తీసుకోవచ్చా?

జవాబు, మిసిసాగా నుంచి:
తొందరపడకండి. ఒంటారియోలో ఇదివరకు నష్టం 2,000 డాలర్లు దాటితే పోలీసులకు చెప్పి తీరాలి. 2025 జనవరి 1 నుంచి ఆ హద్దు 5,000 అయింది. అది మీ ఒక్క కారుకు కాదు, మొత్తం నష్టానికి. అంత అయిందో లేదో రోడ్డు మీద నిలబడి మనమే అంచనా వేసుకోవాలి, చిక్కంతా అక్కడే. బంపర్ పైతొడుగు ప్లాస్టిక్ కదా, దెబ్బ తిన్నా తిరిగి పైకి లేస్తుంది. లోపలి కమ్మీ వంగిందో, సెన్సర్ పగిలిందో విప్పితే తప్ప తెలియదు. ముందు బాడీ షాపులో చూపించి అంచనా కాగితం మీద రాయించుకోండి. మొత్తం 5,000కు అటూ ఇటూగా ఉంటే కారు తీసుకుని కొలిజన్ రిపోర్టింగ్ సెంటర్‌కు, అంటే ప్రమాదాన్ని పోలీసుల దగ్గర నమోదు చేయించే కేంద్రానికి, వెళ్లడమే మేలు.

ఇన్సూరెన్సు సంగతి వేరు. క్లెయిమ్ చేసే ఉద్దేశం ఉంటే ఏడు రోజుల్లోగా మీ కంపెనీకి తెలపాలి. ఆగి ఉన్న కారును వెనక నుంచి గుద్దితే తప్పు గుద్దినవారిదే. మంచు, వాన, చీకటి లాంటి సాకులు ఇక్కడి నిబంధనల ముందు చెల్లవు. నాలుగు వందలు తీసుకుని ఇంకేమీ అడగనని మాత్రం సంతకం పెట్టకండి. మన ఊళ్లో రోడ్డు మీద రాజీకి కనీసం నలుగురు పెద్దమనుషులైనా పోగవుతారు, ఇక్కడ వాళ్లూ ఉండరు.

జవాబు, కాల్గరీ నుంచి:
మా ఆల్బర్టా రాష్ట్రంలో 2024 జనవరి 1 నుంచే 5,000. అయితే ఆ హద్దు ఒట్టి ఆస్తి నష్టానికే. ఎవరికైనా దెబ్బ తగిలితే అంకెతో పని లేదు, పోలీసులకు చెప్పాల్సిందే. కారులో ఇంకెవరైనా ఉన్నారా?

ప్రశ్న అడిగినవారు:
మా అత్తగారు వెనక సీట్లో ఉన్నారండీ. చూసి వెళ్దామని విజిటర్ వీసా మీద వచ్చారు. నిన్న బాగానే ఉన్నారు, పొద్దుటి నుంచి మెడ తిప్పలేకపోతున్నారు.

జవాబు, మిసిసాగా నుంచి:
ఆ మాట ముందే చెప్పాల్సింది! నేను రాసిన లెక్కలన్నీ పక్కన పెట్టండి. గాయం ఉంటే సొట్ట వంద డాలర్లదైనా చెప్పాల్సిందే. ఇప్పుడే పోలీసులకు ఫోను చేసి నొప్పి సంగతి స్పష్టంగా చెప్పండి, ఎక్కడికి రావాలో వాళ్లే చెబుతారు. ఆవిడను ఈ రోజే డాక్టరుకు చూపించండి. ఓహిప్ (ఒంటారియో ప్రభుత్వ ఆరోగ్య బీమా) లేదని వెనకాడకండి. ఇక్కడి కారు పాలసీలో ప్రమాద వైద్య ఖర్చుల భాగం ఉంటుంది, తప్పు ఎవరిదన్న దానితో సంబంధం లేకుండా కారులో కూర్చున్నవారికీ వర్తిస్తుంది. ఇన్సూరెన్సు వాళ్లకు బంపర్ కంటే ముందు మెడ గురించి చెప్పండి. అతని లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితం ఫోటో తీశారా? లేకపోతే ఆ నాలుగు వందల మాట తేల్చకముందే అడిగి తెప్పించుకోండి.